టీచర్ ఉద్యోగం వదిలి లా చదవాలని ఉంది, మూగజీవాల కోసం. సలహా కావాలి

నీలిపిట్ట
అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నలభై దాటాయి. పిల్లలకి చెప్పడమంటే నాకు ఇష్టమే, ఉద్యోగం మీద విసుగొచ్చి రాస్తున్నది కాదని ముందే చెప్తున్నా.

నేను రోజూ వెళ్ళే దారిలో ఇటుకలు మోసే గాడిదలు ఉండేవి. వాటిలో ఒకదానికి వీపు మీద అరచేయంత పుండు, దాని మీదే మళ్ళీ బరువు, అదీ మిట్టమధ్యాహ్నం ఎండలో. ఇంటికొచ్చి నియమాలు వెతికి చదివితే తెలిసింది, బరువులు మోసే జంతువుల మీద 1965 నుంచే కేంద్ర నియమాలు ఉన్నాయని. రోజుకి మొత్తం 9 గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా 5 గంటలు దాటకూడదు, వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పనిలో పెట్టకూడదు. ఇంత స్పష్టంగా రాసి ఉంది! ఫోటోలు, తేదీలు పెట్టుకుని స్టేషన్‌కి వెళ్తే, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా మేం ఏమీ చేయలేం అన్నారు. ఒక లాయర్ గారికి కాగితాలన్నీ ఇచ్చాను. ఆయన వారం వారం వాయిదా వేస్తూ చివరికి మూడు నెలలు దాటాక చెప్పారు, ఇక కేసు వేయడం కుదరదని. గట్టిగా అడిగితే "గాడిద కేసేగా మేడమ్" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఆ కాగితం నేనే వేయగలిగి ఉంటే? మూడేళ్ళ ఎల్ఎల్‌బీ చదివి జంతువుల కేసులే వాదించాలని ఉంది. మా వారు ఒప్పుకున్నారు కానీ ఆయనకీ టెన్షన్ ఉంది, జీతం లేకుండా ఎన్నాళ్ళు అని. ఇలా మారినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, తియ్యగా చెప్పక్కర్లేదు.

క్రిమినల్_సైడ్
మేడమ్, నేరుగా చెబుతా. నేను కింది కోర్టుల్లో క్రిమినల్ కేసులు చేస్తాను. ఉద్యోగం వదలకముందు మీకు మూడు విషయాలు తెలియాలి, నాలుగోది కూడా వస్తుందేమో రాస్తూ ఉంటే.

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. అందులో సెక్షన్ 11 కింద మొదటి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అవును, యాభై రూపాయలే, ఇప్పటికీ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100, లేదా మూడు నెలల దాకా జైలు. ముద్దాయి వస్తాడు, ఒప్పుకుంటాడు, జేబులోంచి తీసి కట్టి వెళ్ళిపోతాడు. మీరు ఆ ఫైలు తయారు చేయడానికి నెలలు పట్టి ఉంటుంది. 2022లో దీన్ని మార్చడానికి ముసాయిదా బిల్లు పెట్టి జనం అభిప్రాయాలు అడిగారు, అది అక్కడే ఆగింది.

మీకు స్టేషన్‌లో చెప్పింది అబద్ధం కాదు. ఆ చట్టం కింద చాలా నేరాలు నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు కేసు కట్టలేనివి. సెక్షన్ 31 ప్రకారం క్రూరంగా చంపడం, అవయవాలు నరకడం, జంతువుల పోట్లాటలు పెట్టించడం లాంటి కొన్నిటికే పోలీసులు నేరుగా కేసు కట్టగలరు. కేసు వేయడానికి మూడు నెలల గడువు కూడా నిజమే, సెక్షన్ 36. మీ లాయర్‌కి అది తెలియకపోయి ఉండదు, అందుకే నాకు ఇంకా కోపంగా ఉంది.

ఇక బతుకుతెరువు. జంతువు ఫీజు ఇవ్వదు, దాని తరఫున వచ్చేవాళ్ళ దగ్గరా డబ్బుండదు. నాకు తెలిసిన వాళ్ళలో మూగజీవాల కేసులు మనసు పెట్టి చేసేవాళ్ళందరూ ఇల్లు గడవడానికి చెక్ బౌన్సులు, విడాకులు, భూమి తగాదాలు చేస్తున్నవాళ్ళే. మొదటి కొన్నేళ్ళు జూనియర్‌గా వచ్చేది దారి ఖర్చులకి సరిపోతే గొప్ప. ఉద్యోగంలో ఉంటూ ప్రాక్టీసు చేద్దామా అంటే లాయర్ల నియమాలు చూసే బార్ కౌన్సిల్ ఒప్పుకోదు, పూర్తికాలం జీతం తీసుకునేవాళ్ళు అడ్వొకేటుగా ఉండకూడదు. దూరవిద్యలో లా డిగ్రీ చేసినా అడ్వొకేటుగా నమోదు, అంటే ఎన్‌రోల్‌మెంట్ ఇవ్వరు. క్లాసులకి 70 శాతం హాజరు ఉండాలి. అంటే చదువు మొదలైన రోజు నుంచే జీతం ఆగుతుంది, లేదా లాంగ్ లీవ్ దొరకాలి.

వద్దనడం లేదు. లెక్క వేసుకుని రండి అంటున్నా.

మూడో_సెమిస్టర్
అక్కా, వయసు గురించి అయితే అస్సలు ఆలోచించకండి. నేను మూడేళ్ళ కోర్సులో ఉన్నాను, మా క్లాసులో రిటైరైన వాళ్ళు కూడా ఉన్నారు, మా అందరికంటే వాళ్ళే బాగా చదువుతారు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు భయం కూడా తగ్గింది. 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, చట్టంలో ఉన్న 750 రూపాయలకి మించి వసూలు చేయకూడదని, ఎస్సీ ఎస్టీలకి 125. అంతకుముందు కొన్ని చోట్ల వేలల్లో తీసుకునేవారు. ఎన్‌రోల్ అయ్యాక బార్ పరీక్ష ఒకటి ఉంటుంది, పాసవ్వాలి, చదివితే కష్టం కాదంటున్నారు సీనియర్లు.

మా సిలబస్‌లో మాత్రం జంతువుల చట్టం పేరే లేదు, పర్యావరణ చట్టంలో ఒక మూలన వన్యప్రాణి చట్టం 1972 వస్తుంది అంతే. మీరు సొంతంగానే చదువుకోవాలి.

ఉదయిని
నీలిపిట్ట గారూ, నేను మీ దారిలోనే వచ్చాను. సోషల్ చెప్పేదాన్ని. ఇప్పుడు ప్రాక్టీసు చేస్తున్నాను, నా పనిలో సగానికి తక్కువే జంతువుల కేసులు. క్రిమినల్_సైడ్ గారు రాసినదంతా నిజం. కానీ అది చదివితే ఈ పనంతా యాభై రూపాయల జరిమానా చుట్టూ తిరుగుతుందేమో అనిపిస్తుంది, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. నేను ఏ కేసులోనూ జరిమానా కోసం పోరాడను. నాకు కావలసింది ఆ జంతువు మళ్ళీ ఆ మనిషి చేతికి వెళ్ళకుండా ఉండటం.

ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే బయట ఎవరికీ తెలియదు. పోలీసులు ఒక లారీ నిండా పశువుల్ని పట్టుకున్నారనుకోండి. చట్టం దృష్టిలో అవి కేసు సొత్తు, అంటే పట్టుబడ్డ మోటార్ సైకిలు లాగే. మర్నాడే యజమాని వచ్చి "నా ఆస్తి నాకు ఇప్పించండి" అని పిటిషన్ వేస్తాడు. ఎదురు చెప్పేవాళ్ళు లేకపోతే కోర్టు ఇచ్చేస్తుంది, ఎందుకివ్వదు, స్టేషన్‌లో పశువుల్ని ఎవరు మేపుతారు? కేసు తేలేసరికి ఆ పశువులు ఉండవు. 2017లో వచ్చిన నియమాలు దీనికోసమే. కేసు నడుస్తున్నంత కాలం జంతువుని సంరక్షణ కేంద్రంలోనో గోశాలలోనో ఉంచమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు, మేపే ఖర్చుకి, వైద్యానికి నిందితుడి చేత బాండు రాయించుకోవచ్చు. ఈ నియమాల కాపీ చేతిలో పట్టుకుని, సరైన రోజున, సరైన కోర్టు హాల్లో, పిటిషన్ పిలిచే సమయానికి ఒక లాయరు నిలబడి ఉండాలి. అంతే కావాలి. చాలాసార్లు అక్కడ ఎవరూ ఉండరు. నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ ఖాళీ చోటు చూసే.

బడి నుంచి ఏం తెచ్చుకున్నానంటే, తెలియని విషయాన్ని తక్కువ మాటల్లో, వినే ఓపిక అంతగా లేని మనిషికి చెప్పడం. రోజుకి పదుల కేసులు వినే మేజిస్ట్రేట్‌కి ఒక గేదె ఎందుకు నిలబడలేకపోతోందో రెండు నిమిషాల్లో చెప్పాలి. మీరు జీవశాస్త్రం వాళ్ళు, మీకు నాకంటే సులువు. కష్టమైంది ఏమిటంటే, క్లాసులో మనం చెప్పిందే వేదం. ఇక్కడ మీకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు సీనియర్లు, వాళ్ళ ఫైళ్ళు మోయాలి, మాట పడాలి. నాకు మొదటి ఏడాది ఇది బాగా గుచ్చుకుంది. ఇప్పుడు పట్టించుకోను.

జీతం విషయం: మా ఇంట్లో ఇద్దరి సంపాదన ఉండేది కాబట్టి నెట్టుకొచ్చాం. ఒక్కరి సంపాదన మీద ఇల్లు నడిచేవాళ్ళకి నేను ధైర్యంగా రమ్మని చెప్పలేను.

పశువుల_డాక్టరు
ఒక్క మాట నా వైపు నుంచి. ప్రభుత్వ పశువైద్యుడిగా నేను కోర్టుకి సాక్షిగా వెళ్ళినప్పుడు చూసింది ఏమిటంటే, కేసులు పోయేది చట్టం బలహీనమై కాదు, నా సర్టిఫికెట్ లాంటి కాగితాలు బలహీనమై. "జంతువు బలహీనంగా ఉన్నది, గాయములు కలవు" అని రాసిస్తే డిఫెన్స్ లాయరు ఏం అడుగుతాడు? గాయం పాతదా కొత్తదా, ఎంత పొడవు, జీనుతో రాసుకుని అయిందా కొట్టినందువల్లా, ఏమీ చెప్పలేం. చచ్చిపోయిన కుక్కకి పోస్టుమార్టం అడిగేవాళ్ళే ఉండరు. విషం పెట్టారంటారు, శాంపిల్ తీసి సీలు వేసి ల్యాబ్‌కి పంపించమని ఆ రోజే ఎవరైనా అడిగితే కదా.

జీవశాస్త్రం తెలిసిన లాయరు ఒక్కరున్నా మా రిపోర్టులు మారిపోతాయి. ఏం అడగాలో తెలిసిన మనిషి ముందు మేమూ జాగ్రత్తగా రాస్తాం, నిజం చెబుతున్నాను.

బడిగంట
అమ్మా, నేను హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. మీ మనసు మంచిది, అందులో నాకు సందేహం లేదు. కానీ ఇక్కడందరూ మిమ్మల్ని కోర్టు వైపు తోస్తున్నారు, ఒకరైనా ఇటు లాగాలి కదా.

మీరు చూసిన ఆ గాడిద పుండు మీద బరువు పెట్టినవాడు కూడా ఏదో ఒక బడిలో కొన్నాళ్ళు కూర్చున్నవాడే అయి ఉంటాడు. అప్పుడు వాడికి జీవశాస్త్రం చెప్పినవాళ్ళు నాడీవ్యవస్థ బొమ్మ గీయించి ఉంటారు. గాడిదకీ అదే నాడీవ్యవస్థ ఉందని, అదే నొప్పి ఉంటుందని చెప్పారా? ఏటా ఎందరో పిల్లలు మీ చేతి కింద నుంచి వెళ్తారు. లాయరుగా మీరు జీవితమంతా చేసినా కొన్ని వందల కేసులు.

మన దేశానికి ఆ 1960 చట్టం రావడానికి కారణమైన ఆవిడ లాయరు కాదు. రుక్మిణీదేవి అరండేల్ నాట్యం నేర్పిన మనిషి, 1936లో కళాక్షేత్ర పెట్టిన మనిషి. 1952లో రాజ్యసభకి నామినేట్ అయ్యాక జంతువుల మీద క్రూరత్వానికి వ్యతిరేకంగా సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇస్తే వెనక్కి తీసుకున్నారు, ఆ తర్వాత చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆవిడే. ఇంగ్లండులో హెన్రీ సాల్ట్ అని ఒకాయన, ఈటన్ స్కూల్లో పంతులు, 1880లలో ఆ ఉద్యోగం మానేశాడు. ఆయన కూడా లా కోర్సుకి వెళ్ళలేదు. రాశాడు, 1891లో హ్యుమానిటేరియన్ లీగ్ పెట్టాడు, మరుసటి ఏడే జంతువుల హక్కుల మీద పుస్తకం తెచ్చాడు. నల్లకోటు వేసుకోకుండానే చేయగలిగింది చాలా ఉందమ్మా.

ఉదయిని
> లాయరుగా మీరు జీవితమంతా చేసినా కొన్ని వందల కేసులు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఈ లెక్కతో నేను ఏకీభవించను. రుక్మిణీదేవి గారు చట్టం తెచ్చారు, దాన్ని కోర్టులో వాడేవాళ్ళు లేకపోవడం వల్లే అరవై ఏళ్ళ తర్వాత ఈవిడ స్టేషన్ నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. ఇంకోటి, కేసులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. 1998లో కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు చేయించడం ఆపింది. సర్కస్‌వాళ్ళు కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టింది. ఆ ఒక్క కేసు ఓడిపోయి ఉంటే ఎన్ని జంతువులు మళ్ళీ బోనుల్లోకి వెళ్ళేవో ఊహించుకోండి. అక్కడ వాదించడానికి లాయర్లే కావాలి.

బడిగంట
ఒప్పుకుంటానమ్మా, ఆ కేసు సంగతి నాకు తెలియదు. కానీ మంచి లాయరు దొరకడం కంటే మంచి టీచరు దొరకడం కష్టమని నా అనుభవం. ఆ మాట వెనక్కి తీసుకోను.

సముద్రం_అవతల
నేను అమెరికాలో ఉంటాను, లా ఫర్మ్‌లో లాయర్లకి సాయపడే పారాలీగల్‌ని. ఇక్కడ ఈ రంగం కాస్త ముందుగా మొదలైంది. జంతువుల చట్టం మీద మొదటి లా కోర్సు 1977లో సీటన్ హాల్ యూనివర్సిటీ‌లో, హార్వర్డ్‌లో 2000లో వచ్చింది. యానిమల్ లీగల్ డిఫెన్స్ ఫండ్ 1979 నుంచి ఉంది, అచ్చంగా జంతువుల కోసమే జీతానికి లాయర్లను పెట్టుకునే సంస్థ. అయినా ఆ ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే, వాటికోసం పోటీ ఎక్కువ.

నాకు బాగా నచ్చింది కనెటికట్‌ది. 2016లో డెస్మండ్స్ లా అని తెచ్చారు, కుక్కనో పిల్లినో హింసించిన కేసుల్లో ఆ జంతువు ప్రయోజనం తరఫున మాట్లాడటానికి కోర్టు ఒక లాయర్ని గానీ లా విద్యార్థిని గానీ నియమించవచ్చు. ఇటు ప్రాసిక్యూషన్, అటు డిఫెన్స్, మధ్యలో జంతువు కోసం ఒకరు. స్వచ్ఛందంగానే చేస్తారు, కానీ కోర్టులో వాళ్ళకంటూ ఒక చోటు ఉంది. ఉదయిని గారు చెప్పిన ఖాళీ చోటు చదివితే ఇదే గుర్తొచ్చింది.

పెద్ద పెద్ద కేసులు మాత్రం ఎక్కువ ఓడిపోతున్నాం. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఉంచిన హ్యాపీ అనే ఏనుగుని నిర్బంధం నుంచి విడిపించమని హెబియస్ కార్పస్ అనే పిటిషన్ వేశారు. 2022లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు 5-2తో కొట్టేసింది, ఆ హక్కు మనుషులకే అంది. ఇద్దరు జడ్జీలు ఒప్పుకోకపోవడమే గొప్ప అని కొందరు సంబరపడ్డారు. ఏనుగు మాత్రం అక్కడే ఉండిపోయింది. అర్జెంటీనాలో 2016లో సిసీలియా అనే చింపాంజీకి ఇలాంటి పిటిషన్‌తోనే విడుదల దొరికింది, బ్రెజిల్‌లో సంరక్షణ కేంద్రానికి పంపించారు. అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు.

సాదాసీదా
అందరూ బాగానే చెప్తున్నారు గానీ ఒకటి అడుగుతా, ఏమనుకోకండి మేడమ్. మా అన్నయ్య కొడుకుని వీధికుక్క కరిచింది, ముఖం మీద. ఆరేళ్ళ పిల్లాడు. వాడికి ఇంజెక్షన్లు వేయించడానికి మేం పడ్డ పాట్లు మాకు తెలుసు. రేపు మీరు లాయరై కుక్కల తరఫున నిలబడితే మా పిల్లాడి తరఫున ఎవరు నిలబడతారు? జంతు ప్రేమికులు ఈ ప్రశ్నకి ఎప్పుడూ తిన్నగా జవాబు చెప్పరు.

మూడో_సెమిస్టర్
కుక్కలు కరవడానికి కారణం మున్సిపాలిటీలు ఆపరేషన్లు చేయించకపోవడం, కుక్కల్ని అంటే ఏం లాభం. మనుషులు చేసే హింస ముందు ఇదెంత

సాదాసీదా
ఇదెంత అంటావా? పిల్లాడి ముఖం చూసి మాట్లాడు

నిర్వాహకులు
ఇద్దరూ ఆపండి. వీధికుక్కల మీద వేరే చర్చ నడుస్తోంది, వాదన అక్కడ పెట్టుకోండి. సాదాసీదా గారి ప్రశ్న మాత్రం ఉంచుతున్నాం, అది ఈ విషయానికి సంబంధించినదే. మర్యాదగా జవాబివ్వండి.

నీలిపిట్ట
సాదాసీదా గారూ, బాబు ఇప్పుడు బాగున్నాడా? నా క్లాసులో కూడా ఇలా కరిపించుకున్న పిల్లలున్నారు, చేయి పట్టుకుని టీకాకి తీసుకెళ్ళిన రోజులు ఉన్నాయి, కాబట్టి మీ కోపం నాకు పరాయిది కాదు. నేను బాబుకి ఎదురుగా నిలబడాలని ఈ చదువు చదవాలనుకోవడం లేదు. రేబిస్ ఆగాలంటే కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అది నేను పిల్లలకి పాఠంలోనే చెప్తాను. టీకా వేయించని అధికారిని కోర్టుకి పిలవగలిగితే అది బాబుకీ మంచిదే, కుక్కకీ మంచిదే. మీకు ఇది సరిపోయే జవాబు కాకపోవచ్చు.

క్రిమినల్_సైడ్
దీనికి ఒకటి కలుపుతా, చట్టపరంగా. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చింది, ఆపరేషను చేసి టీకా వేసి ఎక్కడ పట్టారో అక్కడే వదలండి, రేబిస్ ఉన్నవాటిని, మీద పడి కరిచేవాటిని మాత్రం వదలొద్దు, తిండి పెట్టడానికి వేరే చోట్లు చూపించండి అంది. ఆ తర్వాత కూడా ఆ కేసు నడిచింది. జంతువుల జనన నియంత్రణ నియమాలు 2023లో ఏముందో, కరిచిన కేసుల్లో బాధితుల మాటేమిటో, రెండూ తెలిసిన లాయర్లే అక్కడ ఉపయోగపడ్డారు. ఒక వైపే తెలిసినవాళ్ళు అరిచి వచ్చారు. మేడమ్ పై పోస్టులో రాసింది చూస్తే ఈవిడకి పనికొచ్చే బుద్ధి ఉందనిపిస్తోంది, నేను మొదట రాసినప్పటికంటే కొంచెం మెత్తబడ్డాను.

ఆగండి, నాలుగో విషయం ఉంటుందన్నాను కదా. కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పాత శిక్షాస్మృతిలో 428, 429 సెక్షన్లు జంతువు వెల చూసేవి, పది రూపాయలదా యాభై రూపాయలదా అని. ఇప్పుడు 325 సెక్షన్‌లో వెల తీసేశారు, ఏ జంతువునైనా చంపినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ళ దాకా శిక్ష. దీనికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టవచ్చు, మూడు నెలల గడువు గొడవ లేదు. మరోవైపు పాత 377 పోవడంతో జంతువుల మీద లైంగిక దాడికి ఆ సంహితలో సెక్షనే లేకుండా పోయింది. ఇలాంటి కన్నాలు పూడ్చడానికి కూడా మనుషులు కావాలి.

నీలిపిట్ట
అందరికీ చాలా థాంక్స్, నేను ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రెండు ప్రశ్నలు. ఉదయిని గారూ, ఉద్యోగం వదలకముందే ఈ పని నాకు సరిపడుతుందో లేదో తెలుసుకునే దారి ఏదైనా ఉందా? ఇంకొకటి, అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది, ఆ జంతువుల ఫోటోలు, వీడియోలు రోజూ చూస్తూ మీరు ఎలా తట్టుకుంటున్నారు? నేను ఆ ఒక్క గాడిద పుండు చూసి రాత్రులు నిద్రపోలేదు.

ఉదయిని
రెండో దానికి ముందు చెప్తాను. తట్టుకోలేని రోజులు ఉంటాయి. ఒక కేసులో వీడియో ఆధారం సెకను సెకను చొప్పున రాసివ్వమన్నారు, అంటే ఎన్నోసార్లు చూడాలి. రాసిచ్చాను, ఆ వారమంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఇప్పుడు అలాంటి ఫైళ్ళు సాయంత్రం తర్వాత తెరవను, ఇంకో స్నేహితురాలితో పంచుకుని చేస్తాను. మీరు ఒంటరిగా ఈ పనిలోకి రావద్దు, అది జీతం కంటే ముఖ్యమైన సంగతి. ప్రేమ ఎక్కువున్నవాళ్ళే త్వరగా వదిలేసి వెళ్ళిపోవడం చూశాను. కేసు ఓడిపోయినప్పుడు జంతువు ముఖం గుర్తొస్తుంది, జడ్జి గారికి గుర్తుండదు, మర్నాడు పొద్దున్నే అదే జడ్జి గారి ముందు నవ్వు ముఖంతో ఇంకో కేసు చెప్పుకోవాలి. ఇది చేయగలరా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

మొదటిదానికి: వేసవి సెలవుల్లో, కోర్టులకీ సెలవులు మొదలయ్యేలోపు, మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. ఎవరైనా కూర్చోవచ్చు, అది బహిరంగ న్యాయస్థానం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం జరుగుతుందో చూడండి, పిలుపు కోసం ఎదురుచూడటం, వాయిదా పడటం, క్లర్కుతో బతిమాలుకోవడం, సాక్షి రాకపోవడం. ఇదే మీ రోజువారీ జీవితం అవుతుంది. రెండోది, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. 2001 నియమాల ప్రకారం ప్రతి జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఉండాలి. మీ జిల్లాలో ఉందా, ఎప్పుడు సమావేశమైంది, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా, అప్పీలు దాకా వెళ్ళండి. అది లాయరు పనికి చిన్న నమూనా. మీరు చేస్తుండగా మీకు చిరాకు వస్తుందా, పట్టుదల వస్తుందా అన్నది మీకే తెలిసిపోతుంది. చదువు రుచి చూడాలంటే హైదరాబాదులోని లా యూనివర్సిటీ నల్సార్‌లో జంతు సంరక్షణ చట్టాల మీద దూరవిద్య పీజీ డిప్లొమా ఉంది, ప్రవేశాలు ఎప్పుడో కనుక్కోండి. దానితో కోర్టులో వాదించే హక్కు రాదు కానీ ఉద్యోగంలో ఉంటూనే చదవచ్చు.

క్రిమినల్_సైడ్
ఇంకోటి మర్చిపోయాం అందరం. మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంటు, అంటే పోలీసుల ద్వారా కాకుండా నేరుగా ఇచ్చే ఫిర్యాదు, వేయడానికి లాయరు కానక్కర్లేదు, ఏ పౌరుడైనా వేయవచ్చు. నేరం జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా సరే. మొదటిసారి లాయరు చేత రాయించుకోవడం మంచిది కానీ గడువు దాటిపోతుంటే మీరే వేసేయండి. ఆ గాడిద యజమాని ఇప్పటికీ అదే పని చేస్తుంటే అది కొత్త నేరం, కొత్త తేదీ. పాత మూడు నెలల గురించి బాధపడకండి.

నీలిపిట్ట
ఇది నాకు ఎవరూ చెప్పలేదు! కొత్త తేదీ అనే ఆలోచనే రాలేదు. ఆ ఇటుకల పని ఇంకా నడుస్తూనే ఉంది, రోజూ చూస్తూనే ఉన్నాను.

అయితే నా నిర్ణయం ఇదీ. ఈ ఏడాది రాజీనామా చేయను. పదో తరగతి పిల్లల్ని మధ్యలో వదలడం నాకిష్టం లేదు, బడిగంట మాస్టారి మాట కూడా మనసులో ఉంది. ఈలోపు సమాచార హక్కు దరఖాస్తు, కోర్టులో కూర్చోవడం, ఇప్పుడు ఈ కంప్లైంటు. ఒక ఏడాది ఇంటి ఖర్చుకి సరిపడా పక్కన పెట్టాక వచ్చే ఏడాది ప్రవేశ పరీక్ష రాస్తాను. రాస్తాను అనే అంటున్నాను, చూద్దాం అనడం లేదు.

డాక్టరు గారూ, కంప్లైంటుతో పాటు ఆ గాడిదకి పరీక్ష సర్టిఫికెట్ అడగాలంటే ఏమేం రాయమని అడగాలి?

పశువుల_డాక్టరు
ముందు యజమాని ఒప్పుకోకపోతే మేం ముట్టుకోలేం, కాబట్టి పరీక్ష చేయించమని మేజిస్ట్రేట్‌నే కంప్లైంటులో అడగండి. ఆదేశం వచ్చాక మా దగ్గరికి తీసుకొస్తారు. అప్పుడు గాయం ఏ చోట ఉంది, సెంటీమీటర్లలో ఎంత, లోతు ఎంత, చీము ఉందా, ఎన్నాళ్ళ నాటిదని అంచనా, బరువు మోత వల్ల అయ్యే గాయం లాంటిదా, ఆ స్థితిలో పని చేయించడానికి తగునా తగదా, ఈ చివరిది తప్పకుండా రాయించండి, అదే కోర్టుకి కావలసింది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయమనండి. డెక్కలు కూడా చూడమనండి, చాలామంది చూడరు. కాళ్ళు కట్టేసిన మచ్చలుంటే అది వేరే నేరం కిందికి రావచ్చు, అది క్రిమినల్_సైడ్ గారే చెప్పాలి.

క్రిమినల్_సైడ్
వస్తుంది. అదే సెక్షన్ 11లో, మరీ పొట్టి తాడుతోనో బరువైన గొలుసుతోనో అదే పనిగా కట్టేసి ఉంచడం విడిగా ఒక క్లాజు. పుండు ఉన్న జంతువుని పనిలో పెట్టడం ఇంకో క్లాజు. రెండూ విడివిడిగా రాయండి మేడమ్, తేదీ, సమయం, చోటు ప్రతిదానికీ. ముసాయిదా రాసి ఇక్కడ పేర్లు తీసేసి పెట్టండి, ఆదివారం చూసి దిద్దుతాను.